రాణిగారి ఓడ

చారిత్రక నాటకంలో చరిత్ర ఎంత ఉండాలి, కల్పన ఎంత ఉండాలి అనే ప్రశ్న కొత్తది కాదు. మన నాటకకర్తలూ నవలాకారులూ వందేళ్లకు పైగా దాన్ని ఎదుర్కొంటూనే ఉన్నారు. అయితే ఇవాళ రంగస్థలం మారింది. నాటకం ఒక రాత్రి ఆడి వెళ్లిపోయేది. నవలను చదివేవాళ్లు చదివేవాళ్లు, లేనివాళ్లు లేదు. టెలివిజను సీరియలు అలా కాదు. అది ఏళ్ల తరబడి రాత్రి భోజనాల వేళకు ఇంట్లోకే వస్తుంది. జీ టీవీలో "జోధా అక్బర్" 2013 జూన్ నుంచి 2015 ఆగస్టు దాకా ఐదు వందలకు పైగా భాగాలు నడిచింది. అన్ని గంటలసేపు అక్బరు పాదుషాను గురించి ఏ చరిత్ర ఉపాధ్యాయుడూ ఏ తరగతిలోనూ చెప్పలేదు, చెప్పలేడు. కాబట్టి మొగలు చరిత్రకు ఇవాళ దేశంలో అందరికంటే పెద్ద ఉపాధ్యాయుడు సీరియలే. ఆ ఉపాధ్యాయుడు ఏం చెబుతున్నాడో విచారించటం తక్కిన ఉపాధ్యాయుల విధి అని నా ఉద్దేశం.

నేను చరిత్ర చదువుకున్నదాన్ని కాను. తెలుగు ఎమ్.ఏ. చేసి డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పుకుంటున్నాను. చారిత్రక నవలను గురించి పాఠం మొదలుపెట్టేముందు ఏటా పిల్లల చేత ఒక కాగితం రాయిస్తాను. అక్బరును గురించి మీకేం తెలుసు, అది మీకు ఎట్లా తెలిసింది – ఇంతే ప్రశ్న. అక్బరు జోధాబాయిని ప్రేమించాడనీ, సలీము అనార్కలిని ప్రేమించాడనీ, అంతఃపురంలో ఒకరిమీద ఒకరు కుట్రలు చేసుకునేవారనీ రాస్తారు. ఎట్లా తెలిసిందంటే సీరియలు, సినిమా, సెల్‌ఫోనులో చూసిన ముక్కలు. కిందటేడు టోడరుమల్లు పేరు రాసినవాడు ఒక్కడే. అతడు పోటీ పరీక్షలకు తయారవుతున్నాడు.

ఈ సంగతి స్టాఫ్‌రూములో చెబితే మా పెద్దాయన ఒకరు నవ్వారు. అధ్యాపక ఉద్యమంలో తల నెరిసినవారు, ఆయన మాటంటే నాకు గౌరవం. "అమ్మా, జోధాబాయి ఉంటేనేం, లేకపోతేనేం? ఒక తురకరాజూ ఒక రాజపుత్ర స్త్రీ ఒకరి దేవుణ్ణి ఒకరు గౌరవించుకుంటూ బతికారని కోట్లమంది చూస్తున్నారు. ఈ రోజుల్లో అంతకన్నా ఏం కావాలి? పేరు తప్పంటూ నువ్వు దాన్ని కూడా పడగొడితే సంతోషించేదెవరో ఆలోచించావా?" అన్నారు.

ఇది తేలిగ్గా తీసిపారేయవలసిన వాదన కాదు. మన అభ్యుదయవాదుల్లో చాలామంది అనుకునేదే ఆయన పైకి అన్నారు. మంచి ఫలితం ఇచ్చే కల్పన మీద పరీక్ష పెట్టనక్కర్లేదన్నది దాని సారాంశం. ఆ వాదన ఎక్కడ బెసుకుతుందో జోధాబాయి విషయంలోనే చూద్దాం.

1562లో సాంభర్‌లో అక్బరు అంబేరు రాజు భారమల్లు కూతుర్ని పెళ్లాడాడు. ఆ పెళ్లికి ముందు మేవాత్ సర్దారు షరఫుద్దీను భారమల్లును వేధిస్తున్నాడు, పాదుషా అండ ఉంటేగాని రాజ్యం నిలవదు. ఇటు ఇరవై ఏళ్లు నిండని పాదుషాకు రాజపుత్రుల కత్తులు కావాలి. రెండు వైపులా అవసరం ఉంది. ఆ అవసరం పండింది కూడా: భారమల్లు కొడుకూ, మనమడు మానసింగూ సామ్రాజ్యంలో మహా మన్సబుదారులయ్యారు. 1569లో సలీమును కన్నది ఈమే. ఆమె బిరుదు మరియమ్ ఉజ్ జమానీ. అక్బర్‌నామాలో గాని జహంగీరు స్వీయచరిత్రలో గాని ఆమెకు జోధాబాయి అనే పేరు లేదు. ఆ పేరు న్యాయంగా చెందవలసింది జహంగీరు భార్యకు. ఆవిడ జోధపురం రాజు కూతురు, షాజహాను తల్లి. 19వ శతాబ్దంలో టాడ్ దొర రాసిన రాజస్థాన చరిత్రలో పేర్లు కలగాపులగమయ్యాయి. ఫతేపూర్ సిక్రీలో ఒక భవనానికి జోధాబాయి మహలనే పేరు స్థిరపడింది. 2008లో సినిమా వచ్చింది, ఆ వెనక సీరియలు వచ్చింది.

సినిమా మీదా సీరియలు మీదా రాజస్థానంలో కొన్ని రాజపుత్ర సంఘాలు ఆందోళన చేశాయి. పేరు తప్పు, చరిత్రను వక్రీకరించారు అన్నారు. పేరు మట్టుకు వాళ్లన్నది నిజమే! కాని వాళ్లకు కావలసింది చారిత్రక సత్యమా? తమ కులం ఆడపిల్ల తురకకు ఇల్లాలైందన్న మాట వినలేకపోవటమే వాళ్ల బాధ. పేరు తప్పు అన్నవాళ్లు పెళ్లి జరగలేదని అనలేరు, ఎందుకంటే పెళ్లి జరిగింది. చరిత్రలో ప్రామాణికత అనే మాటను ప్రగతి నిరోధకులు ఎట్లా వాడుకుంటారో ఇది ఉదాహరణ. వాళ్లకు అనుకూలించే చిన్న నిజాన్ని పట్టుకుని పెద్ద నిజాన్ని కప్పుతారు. ఇంతవరకు మా పెద్దాయన భయం సమంజసమే.

కాని ఆ పెద్ద నిజం ఏమిటో మనవాళ్లు మాత్రం చెప్పారా? సీరియలు చూపించిన జోధాబాయి పూజ చేస్తుంది, వంట చేస్తుంది, అలుగుతుంది, కన్నీళ్లు పెట్టుకుంటుంది, భర్త మనసు మారుస్తుంది. నిజమైన మరియమ్ ఉజ్ జమానీకి ఓడలుండేవి. సూరతు నుంచి ఎర్రసముద్రపు రేవులకు ఆమె పేరున వర్తకం సాగేది. రహీమీ అనే ఆమె ఓడ హజ్ యాత్రికుల్ని ఎక్కించుకుని వెళ్లేది. పోర్చుగీసువాళ్ల అనుమతి పత్రం ఉండి కూడా 1613లో ఆ ఓడను వాళ్లు సూరతు దగ్గర పట్టుకుని సరుకుతోనూ యాత్రికులతోనూ గోవాకు తోలుకుపోయారు. జహంగీరు మండిపడి వాళ్ల వర్తకం బంద్ చేయించాడు, డామన్ మీదికి సేన పంపాడు. పోర్చుగీసువాళ్లతో చెడటం ఇంగ్లీషువాళ్లకు కలిసివచ్చింది. 1615లో థామస్ రో ఇంగ్లండు రాజు రాయబారిగా వచ్చాడు. ఒక రాణిగారి ఓడ చుట్టూ జరిగిన కథ ఇది.

మతసామరస్యం చూపించాలని ఎవరికైనా నిజంగా కోరిక ఉంటే ఇంతకంటే ఏం కావాలి? రాజపుత్ర రాజు కూతురు, మక్కా యాత్రికులకు ఓడ నడిపిన వర్తకురాలు. పూజగదిలో కన్నీళ్లకన్నా ఇది బలమైన సాక్ష్యం. పైగా నిజం. దీన్ని ఎవరూ కోర్టుకెక్కి కొట్టేయించలేరు. కల్పిత ప్రేమకథనైతే "చరిత్రలో ఎక్కడుంది?" అని ఒక్క ప్రశ్నతో కూలదోయవచ్చు, కూలదోశారు కూడా. అబద్ధం మీద మంచిని నిలబెట్టిన ప్రతిసారీ ఆ మంచికే ముప్పు వస్తుంది. మా పెద్దాయనకు నేనిచ్చుకున్న మొదటి జవాబు ఇది.

మరి సీరియలువాళ్లు ఓడను ఎందుకు వదిలేశారు? తెలియక కాదు. ఓడ వస్తే సరుకు రావాలి. సరుకు వస్తే అది ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. అక్కడితో కథ అంతఃపురం దాటిపోతుంది.

ఆ దారినే కొంచెం పోయి చూద్దాం. ఆగ్రాకు పడమటగా బయానా అనే ఊరుంది. ఆ కాలంలో దేశంలోకల్లా మేలైన నీలిమందు అక్కడిది. రాణిగారి తరఫున అక్కడ నీలిమందు కొనే మనుషులుండేవారు. ఇంగ్లీషు వర్తకుడు విలియం ఫించ్ ఒకసారి వాళ్లకంటే ఎక్కువ ధర పెట్టి సరుకు కొనేశాడు. రాణిగారికి కోపం వచ్చింది, దర్బారులో ఇంగ్లీషువాళ్లకు చిక్కులు వచ్చాయి. సరే, ఆ నీలిమందును పండించిందెవరు? తొట్లలో నానబెట్టి చిలికి ముద్దలు చేసిందెవరు? పెల్సార్ట్ అనే డచ్చి వర్తకుడు 1620 తరవాత ఏడేళ్లు ఆగ్రాలో ఉండి తాను చూసింది రాసిపెట్టాడు. పనివాళ్లవి మట్టి ఇళ్లనీ, ఇంట్లో కుండలు తప్ప సామాను లేదనీ, రోజూ సాయంత్రం తినేది కిచిడీ ఒక్కటేననీ అందులో ఉంది. పాదుషా దర్బారును చూసిన కళ్లే ఇదీ చూశాయి.

భూమి శిస్తు సంగతి ఇంకా ముఖ్యం. 1580లో టోడరుమల్లు వ్యవస్థ స్థిరపడ్డాక పంటలో మూడోవంతు సర్కారుది, అదీ చాలాచోట్ల రొక్కంగా. తరవాతి కాలంలో ఇది సగందాకా పెరిగిందని ఇర్ఫాన్ హబీబ్ 1963లో అచ్చయిన తన మొగలు వ్యవసాయ వ్యవస్థ గ్రంథంలో సాక్ష్యాలతో చూపాడు. జాగీరుదారును మూడు నాలుగేళ్లకొకసారి మరో చోటికి మార్చేవారు. రేపు తనది కాని పొలాన్ని గురించి అతడికెందుకు దిగులు? పిండుకున్నంత పిండుకోవటమే. 1647లో మన్సబుదారులు సుమారు 8,000 మంది. వాళ్లలో పైమెట్టున ఉన్న 445 మందికే సామ్రాజ్యపు శిస్తు అంచనాలో నూటికి 61 పాళ్లకు పైగా దక్కేది. సీరియలు తెర మీద మెరిసే ప్రతి ముత్యం ఈ లెక్కలోంచి వచ్చిందే. దుస్తులూ నగలూ ఆ కాలానివేనని తెర మీద ఎంతో జాగ్రత్త చూపిస్తారు. వాటికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించటం మాత్రం వాళ్ల ప్రామాణికతలో భాగం కాదు!

ఇక్కడ మన మిత్రుల్లో మరో రకంవారికి కూడా ఒక మాట చెప్పాలి. "అసలు విషయం వర్గదోపిడీ. పేర్లూ తేదీలూ పండితుల చాదస్తం. అక్బరు కొలువులో హుక్కా ఉంటేనేం, లేకపోతేనేం" అంటారు వీరు. హుక్కా ప్రశ్న అల్పమైందే. పొగాకు అక్బరు చివరి రోజుల్లో, 1604 ప్రాంతాల, బిజాపురం నుంచి అసద్ బేగ్ తెస్తే దర్బారు చూసింది. అంతకుముందే హుక్కా గుడగుడలాడితే అది తప్పు. కాని ఆ తప్పు వెనక ఒక పెద్ద సంగతి ఉంది: అమెరికా ఖండపు మొక్క, పోర్చుగీసు వర్తకం, దక్కను రాజ్యాల రేవులు, ఇవన్నీ కలిస్తేనే ఆ పొగ ఆగ్రా చేరింది. చిన్న నిజం పట్టుకోకుండా పెద్ద నిజం దగ్గరికి పోయే అడ్డదారి లేదు. పేరు సరిచూడబట్టే ఓడ దొరికింది, ఓడ దొరకబట్టే నీలిమందూ, నీలిమందు వల్లే కిచిడీ తిని పడుకున్న మనిషీ దొరికారు. వర్గదృష్టి ఉన్నవాడికి వివరాలు మరింత అవసరం.

మా అత్తగారు ఈ సీరియళ్లు విడవకుండా చూసిన మనిషి. "రాణి అయితే మాత్రం ఏమొరిగిందే, సవతి పోరు తప్పిందా?" అనేది. ఈ మాట నాకు చాలా నేర్పింది. సీరియలు మొగలు అంతఃపురాన్ని చూపించటం లేదు. మన ఉమ్మడి కుటుంబానికే బంగారం పూత పూసి చూపిస్తున్నది. మాహమ్ అనగా పాదుషాను పెంచిన దాది. 1560లో బైరంఖానును దించెయ్యటంలో ఆమెది పెద్ద చెయ్యి, ఢిల్లీలో 1561లో మసీదూ మదరసా కట్టించింది, రెండేళ్లు రాజ్యవ్యవహారాన్ని తన చేతుల్లో పెట్టుకున్నది. సీరియల్లో ఆమె గయ్యాళి అత్త. గుల్‌బదన్ బేగం అక్బరుకు మేనత్త. హుమాయూను చరిత్రను స్వయంగా రాసింది. 1576లో అంతఃపుర స్త్రీలను వెంటబెట్టుకుని మక్కా యాత్ర సాగించి 1582లో తిరిగొచ్చింది. హుమాయూను పెళ్లి ప్రస్తావన తెస్తే హమీదాబాను నలభై రోజులు ఒప్పుకోలేదని ఆ పుస్తకంలోనే ఉంది. పుస్తకం రాసిన స్త్రీ, రాజును కాదన్న స్త్రీ, ఓడ నడిపిన స్త్రీ నిజంగా ఉండగా మనకు చూపించేది పాలలో విషం కలిపే స్త్రీని. ఎందుకు? భర్త దయ తప్ప ఆడదానికి ఆధారం లేదనీ, ఆడదానికి ఆడదే శత్రువనీ చెప్పాలంటే ఈ నిజమైన స్త్రీలు అడ్డొస్తారు. సబ్బులూ నగలూ అమ్ముకునేవాళ్ల డబ్బుతో నడిచే కథకు ఆ పాత నీతి ఎంతో అనుకూలం.

ప్రేక్షకులు కోరేదే ఇస్తున్నామని నిర్మాతలంటారు. మా అత్తగారికి ఓడ కథ చెప్పి చూశాను. ఆమె ముప్పై ఏళ్లు మా మామగారి కిరాణా కొట్టుకు పద్దులు రాసింది. కొట్టు మీద పేరు మామగారిది. కథంతా విని, "ఇన్ని వందలమంది యాత్రికులూ అంత సరుకూ అంటున్నావు, ఆ లెక్కలు ఎవరు చూసేవారే? నమ్మకస్థుడైన గుమాస్తా లేకపోతే నిండా మునుగుతుంది" అంది. రెండేళ్ల సీరియలు ఆమెలో లేపని ప్రశ్న ఇది. ఓడను చూపిస్తే ప్రేక్షకులు టీవీ కట్టేస్తారన్న మాట నేను నమ్మను. ప్రేక్షకురాలి జీవితానుభవంలో పనిని వదిలేసి ఏడుపును మాత్రం తీసుకుంటున్నారు. తరవాత ఆమె కోరింది ఏడుపేనంటున్నారు.

అనార్కలి సంగతి మనకు మరీ దగ్గరిది. 1955లో తెలుగులో అంజలీదేవి, నాగేశ్వరరావులతో "అనార్కలి" వచ్చింది. 1960లో "మొగల్-ఎ-ఆజం", 1979లో రామారావు తీసిన "అక్బర్ సలీం అనార్కలి", 2023లో జీ5లో "తాజ్: డివైడెడ్ బై బ్లడ్". అక్బర్‌నామాలో అనార్కలి లేదు, జహంగీరు రాతల్లోనూ లేదు. లాహోరులో ఒక గోరీని చూసి, అక్బరు అంతఃపుర స్త్రీని సలీముతో సంబంధం వల్ల గోడలో పెట్టి కప్పించారన్న పుకారును రాసినవాడు ఎవరనుకున్నారు? నీలిమందు కొన్న ఆ విలియం ఫించే. ఆ పుకారు పెరిగి పెద్దదై 1922లో ఇంతియాజ్ అలీ తాజ్ చేతిలో ఉర్దూ నాటకమైంది, అక్కణ్ణుంచి తెరకెక్కింది. ఫించ్ కొన్న నీలిమందు ఏ తెర మీదికీ రాలేదు, ఫించ్ విన్న పుకారు వందేళ్లుగా ఆడుతున్నది.

కల్పన చెయ్యకూడదని నేననను. దానిమ్మమొగ్గ లాంటి ఆ పిల్లను ప్రజలు ప్రేమించారు, అందులో రాజును ధిక్కరించే సామాన్యురాలి గొంతు ఉంది. కాని సలీము తండ్రి మీద తిరగబడ్డది ప్రేమకోసం కాదు, సింహాసనం కోసం. 1600 నుంచి అలహాబాదులో సొంత దర్బారు పెట్టాడు. 1602లో బుందేలా బీర్‌సింగు చేత అబుల్ ఫజలును చంపించాడు. చరిత్రకారుణ్ణి చంపించిన యువరాజును ప్రేమికుడిగా మార్చింది కథ. ఇది కూడా కథ చేసిన పనేనని తెలిసి చూస్తే ఎవరికీ నష్టం లేదు. తెలియకుండా చూస్తే రాజ్యాధికారం ఎట్లా చేతులు మారుతుందో ఎన్నటికీ తెలియదు.

ఇప్పుడు బుర్హాన్‌పురానికి వద్దాం. 1631 జూన్‌లో ముంతాజ్ మహలు కన్నుమూసింది ఆ ఊళ్లోనే. ఆమె కోసం తాజ్‌మహలు లేచింది. ఇది అందరికీ తెలుసు. ఆమె అక్కడ ఎందుకున్నది? షాజహాను దక్కను మీద దండెత్తి అక్కడ మకాం పెట్టాడు. ఆ ఏళ్లలోనే, 1630 నుంచి 1632 దాకా, గుజరాతులోనూ దక్కనులోనూ ఘోరమైన కరువు. సూరతు నుంచి బుర్హాన్‌పురం మీదుగా ఆగ్రా వెళ్లిన పీటర్ మండీ దారి పొడుగునా శవాలు చూశాడు. పాదుషా చరిత్ర రాసిన అబ్దుల్ హమీద్ లాహోరీయే దీన్ని దాచలేదు. బుర్హాన్‌పురంలో ప్రతి సోమవారం 5,000 రూపాయల చొప్పున ఇరవై వారాలు పంచారనీ, సుమారు 70 లక్షల శిస్తు మాఫీ చేశారనీ, అది మొత్తంలో పదకొండోవంతనీ రాశాడు. అంటే మనుషులు ఆకలితో పోతున్నప్పుడు కూడా పది వంతుల శిస్తు ఖాతాలో నిలిచే ఉంది. ఒకే ఊరు, ఒకే ఏడు: ఒక చావు పాలరాయిగా మిగిలింది, లక్షల చావులకు తెరమీద ఒక్క నిమిషమైనా దక్కలేదు.

ఆ బుర్హాన్‌పురం 2025 మార్చిలో మళ్లీ వార్తల్లోకి వచ్చింది. శంభాజీ మీద తీసిన "ఛావా" సినిమాలో మొగలుల బంగారం చూసి, ఆ దగ్గర అసీర్‌గఢ్ కోట పక్క పొలాల్లో జనం రాత్రిళ్లు దీపాలు పట్టుకుని నాణేల కోసం తవ్వారు. మొగలు కాలం అంటే బంగారమే అని నేర్పింది తెర. ఆ జనాన్ని చూసి నవ్వటం తేలిక. వాళ్లు తవ్విన పొలాల్లో మొగలుల నాడు శిస్తు కట్టిన రైతుల సంగతి వాళ్లకు ఎవరు చెప్పారు? ఆ నెలలోనే నాగపురంలో ఔరంగజేబు గోరీ గొడవ పెరిగి అల్లర్లయి కర్ఫ్యూ పెట్టవలసివచ్చింది. సినిమా జనంలో కోపం రగిల్చిందని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రే శాసనసభలో అన్నాడు.

తేలిందేమిటి? "జోధా అక్బర్" ముగిసిన పదేళ్లకు తెర మీద ప్రేమించే పాదుషా పోయి రాక్షస పాదుషా వచ్చాడు. ఇద్దరూ ఒకే కార్ఖానాలో తయారయ్యారు. మొదటివాణ్ణి చూసి సంతోషించి, ఆధారాలు అడగనక్కర్లేదన్నవాళ్లం రెండోవాడి దగ్గర ఆధారాలు అడిగే హక్కును ఎక్కడ తెచ్చుకుంటాం? మా పెద్దాయనకు నా రెండో జవాబు ఇది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు, వాదన ఇంకా నడుస్తున్నది.

చరిత్ర అయితే ఈ రెండు బొమ్మల్నీ ఒప్పుకోదు. 1564లో జిజియా ఎత్తేసిన అక్బరే 1568లో చిత్తోడులో 30,000 మందిని చంపించాడు. ఆ లెక్క ఇచ్చినవాడు అతని ఆస్థాన చరిత్రకారుడే. 1679లో జిజియా మళ్లీ వేసిన, కాశీలోనూ మథురలోనూ గుళ్లు కూలగొట్టించిన ఔరంగజేబు కొలువులోనే, 1679 తరవాత, పెద్ద మన్సబుదారుల్లో హిందువులు నూటికి 31 మందికి పైగా ఉన్నారని అతర్ అలీ లెక్కగట్టాడు. ఇవి ఒకదానికొకటి అడ్డొచ్చే నిజాలు కావు. రాజ్యానికి ఏది లాభమో అది చేశారు. దాన్ని అర్థం చేసుకోవటానికి బుద్ధి కావాలి, బుద్ధికి పాఠం కావాలి. ఆ పాఠమే తగ్గిపోతున్నది: మొగలు దర్బారుల మీద ఉన్న అధ్యాయాన్ని ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి పుస్తకం నుంచి తీసేశారు, 2023లో అది లేకుండానే పుస్తకాలు వచ్చాయి. 2025లో 7వ తరగతి కొత్త పుస్తకంలో ఢిల్లీ సుల్తానులూ మొగలులూ లేరు. బడిలో ఖాళీ అయిన చోటును తెర ఆక్రమిస్తుంది.

మన తెలుగు నేలకు కూడా ఈ చరిత్రలో వాటా ఉంది. ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి 1687లో గోలకొండను పట్టాడు. ఓడినవాడు ముసల్మాను, తానీషా. అతని మంత్రిగా రాజ్యం నడిపినవాడు మాదన్న. ఇందులో హిందూ ముస్లిం యుద్ధం ఎక్కడుంది? ఆ తరవాత ఇరవై ఏళ్లకు మొగలు పాలన కింద నలుగుతున్న తెలంగాణంలో గౌడ కులస్థుడు సర్వాయి పాపన్న షాపురంలో కోట కట్టుకుని, 1708లో ఓరుగల్లును కొల్లగొట్టి, 1710లో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఖాఫీఖాను పారశీకంలో అతణ్ణి బందిపోటుగా రాశాడు. మన జానపదులు వీరుడిగా పాడుకున్నారు. పట్టుకున్న ఊళ్లలో సామాన్యుల్ని కూడా అతడు బందీలు చేశాడు, అది మరవకూడదు. నా తరగతిలో ఈ పాటనూ ఆ చరిత్రనూ పక్కపక్కన పెట్టి చదివిస్తాను. ఎవరు, ఎవరికోసం, ఏ కొలువులో కూచుని రాశారో పిల్లలు తమంతట తామే అడుగుతారు. సీరియలు చూసి అడగని ప్రశ్న పాట చదివి అడుగుతారు.

మంచి పని తెర మీద సాధ్యం కాదని కూడా అనలేం. 1988లో శ్యామ్ బెనెగల్ దూరదర్శన్‌కు 53 భాగాల్లో "భారత్ ఏక్ ఖోజ్" తీశాడు. నెహ్రూ పుస్తకం ఆధారంగా తీసిన ఆ సీరియల్లో అక్బరూ ఔరంగజేబూ వాదిస్తారు, ఆలోచిస్తారు, తప్పులు చేస్తారు. సబ్బుల అమ్మకం కోసం తీసింది కాదు గనక అది సాధ్యమైంది. నేను పుట్టిన నాటి ఆ సీరియలును ఇప్పటికీ పిల్లలకు చూపిస్తే కదలకుండా చూస్తారు.

కాబట్టి సీరియళ్లను నిషేధించమని మనం అడగరాదు. ఆ కోరిక కరడుగట్టిన కులసంఘాలది, 2021లో బాబరు మీద "ది ఎంపైర్" వచ్చినప్పుడు దాన్ని ఆపమని కేకలు వేసినవాళ్లది. "ఇందులోని సంఘటనలు కల్పితం" అని మొదట ఒక అట్ట చూపించి చేతులు కడుక్కోవటాన్ని మాత్రం ఒప్పుకోరాదు. మన పత్రికల్లో సినిమా సమీక్షలున్నాయి, నవలా విమర్శ ఉంది. కోట్లమంది చూసే చారిత్రక సీరియలును భాగాలవారీగా ఆధారాలతో విమర్శించే పని మనవాళ్లు చిన్నతనమనుకుంటున్నారు. చరిత్ర తెలిసిన అధ్యాపకులూ సాహిత్యం తెలిసిన అధ్యాపకులూ కలిసి ఈ పని చెయ్యాలి, తెలుగులో చెయ్యాలి, సీరియలు చూసే ఇల్లాలికి అర్థమయ్యేటట్టు చెయ్యాలి. ఏ కాలేజీలోనైనా ఒక గంట చాలు మొదలుపెట్టటానికి. తెర మీద రాణిగారి మెడలో ముత్యాలహారం కనిపించినప్పుడు, ఆ ముత్యాలకు ఎవరి పొలంలో పంట పోయిందో పిల్లల చేత వెదికించండి.